వల కింద కూలీకి చోటుందా?

2023 నవంబరు ఆఖరి వారంలో నాసిక్ జిల్లాలో వడగండ్ల వాన పడింది. నిఫాడ్ పరిసరాల్లో ద్రాక్షతోటలు బాగా దెబ్బతిన్నాయి. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మహారాష్ట్ర అంతటా కురిసిన వడగండ్లను చూసినవారు ఆ నష్టాన్ని ఇంకా మరచిపోలేదు. సోలాపూర్‌లో మన తెలుగు నేతకార్మికుల కుటుంబాలు తరాలుగా బతుకుతున్నాయి. ఆ జిల్లాలోనూ ద్రాక్ష విస్తారంగా పండుతుంది. కనుక ఇది మన పొరుగువారి కష్టం.

ద్రాక్షకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు చేస్తారు. చేతికొచ్చే పంట మాత్రం ఒక్కటే. గుత్తి పట్టాక రాళ్ళు పడితే ఏడాది కష్టం పోయినట్టే. తీగ గాయపడితే ఆ దెబ్బ మరుసటి పంటకూ తగులుతుంది. అందుకే తోటల మీద రక్షణ వలలు పరచాలన్న కోరికను మేము సమర్థిస్తున్నాము.

అయితే వల వడగండ్లను, పక్షులను ఆపుతుంది గాని వానను ఆపదు. పండే వేళ వాన తగిలితే కాయ పగులుతుంది, బూజు తెగులు వస్తుంది. దానికి ప్లాస్టిక్ కప్పు కావాలి. ఏది వేసినా గాలికి నిలిచే స్తంభాలు, తీగలు ఉండాలి. అసలు ఖర్చు అక్కడే.

కేంద్ర ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాలు వలకు చదరపు మీటరుకు 35 రూపాయలు లెక్కగట్టి, అందులో సగం ఇస్తామన్నాయి. అప్పట్లో ఒక రైతుకు 5000 చదరపు మీటర్ల వరకే. అంటే సుమారు ఎకరంపావు తోటకు గరిష్ఠంగా 87,500 రూపాయలు. మిగతా సగం, స్తంభాల ఖర్చు రైతే తెచ్చుకోవాలి. చేతిలో డబ్బున్నవారు వల వేసుకుంటారు. రెండెకరాల రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాడు.

ఇంకొకరి సంగతి ఎవరూ మాట్లాడరు. సుర్గాణా, పేఠ్ తాలూకాల ఆదివాసీ కుటుంబాలు కత్తిరింపుకు, గుత్తుల పలచనకు, కోతకు ఈ తోటలకు వస్తాయి. పంట పోతే వారికి కోత కూలి పోతుంది. పంచనామాలో వారి పేరు ఉండదు. సాత్‌బారా పత్రంలో పేరున్నవారికే పరిహారం.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సాయంకాలం వచ్చిన కూలివారికి కూడా పూర్తి దేనారము ఇచ్చాడు. పని దొరకని రోజున కూడా ఇంట్లో పిల్లలు తినాలి కదా! ఆ కథను ఆదివారం వింటున్న మనం సోమవారం కూలీని మరచిపోవచ్చా?

మేము అడిగేవి మూడు. చిన్న రైతుకు రాయితీ ముందుగా, స్తంభాల ఖర్చుతో కలిపి ఇవ్వాలి. తోట పోయిన గ్రామాల్లో కూలీలకు వెంటనే ఉపాధి పనులు చూపాలి, పరిహారంలో వారికీ వాటా ఉండాలి. చిరిగిన వలలు పొలాల్లో తగలబెట్టకుండా అమ్మినవారే వెనక్కు తీసుకోవాలి.

యువతీయువకులారా, మహారాష్ట్రలో ఈ రాయితీల దరఖాస్తులు మహాడీబీటీ పోర్టల్‌లో పెట్టాలి. ఫోను వాడటం రాని రైతుకు ఆ పని చేసిపెట్టడానికి మీకు ఒక సాయంత్రం చాలు. తోటకు వెళ్ళినప్పుడు యజమానితోపాటు కూలీల ముఠాతో కూడా మాట్లాడండి. వారికి ఎన్ని రోజుల కూలి పోయిందో రాసుకోండి. ఆ లెక్క ఇప్పుడు ఏ కార్యాలయం అడగడం లేదు. మనం రాసి పెడితే అడగక తప్పదు.