సముద్రానికి నీలమొక్కటే రంగా?

సముద్రం బొమ్మ వేయమంటే మనలో చాలామంది ముందుగా కుంచెను నీలం బిళ్ళ మీద అద్దుతారు. పైన లేత నీలం, కింద ముదురు నీలం, మధ్య ఒక తెరచాప పడవ. బొమ్మ పూర్తి! ఇది కళ్ళతో చూచి వేసింది కాదు, అలవాటుకొద్దీ వేసిందని నా అభిప్రాయం.

నిర్మలమైన రోజున సముద్రం నీలంగా కనిపించే మాట నిజమే. కాని మబ్బు పట్టిన రోజున విశాఖపట్నంలోనో, మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలోనో ఒడ్డున నిలబడి చూడండి. నీలం ఎక్కడుంది? గాలిలోని అణువులు ఎరుపు కంటె నీలాన్ని ఎక్కువగా వెదజల్లుతాయి. అందుకే ఆకాశం నీలం. మబ్బులోని నీటి తుంపరలు అణువుల కంటె ఎంతో పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా వెదజల్లుతాయి. కనుక పలుచని మబ్బు తెల్లగా, దళసరి మబ్బు బూడిదరంగులో కనిపిస్తుంది. దూరపు నీటిని మనం ఏటవాలుగా చూస్తాం కాబట్టి అది అద్దంలాగా ఆ బూడిదరంగునే చూపుతుంది. ఒడ్డున కెరటాలు ఇసుకనూ బురదనూ లేపడంవల్ల నీరు మట్టిరంగుకు తిరుగుతుంది.

ఇన్ని ఛాయలకు ఎన్ని రంగులు కావాలి? రెండు చాలు! ఒకటి అల్ట్రామెరైన్ నీలం. పూర్వం దీనిని ఆఫ్ఘనిస్తాన్‌లో దొరికే ఖరీదైన రాయిని నూరి తీసేవారు. 1828 నాటికి ఐరోపాలో కృత్రిమంగా తయారుచేయడం తెలిసి చవకయింది. రెండవది బర్న్‌ట్ సియెన్నా. ఇనుముగల పసుపు మట్టిని కాల్చితే అందులోని నీరు పోయి ఇలా ఎర్రబడుతుంది.

నీలం రంగు కాంతిలోని ఎరుపు, పసుపు భాగాలను పీల్చుకుంటుంది. మట్టిరంగు నీలం భాగాన్ని పీల్చుకుంటుంది. సరిపాళ్ళలో కలిపితే మిగిలేది బూడిదరంగు. నీలం హెచ్చితే వానమబ్బు, మట్టిరంగు హెచ్చితే తడి ఇసుక. నీళ్ళు ఎక్కువ కలిపితే దూరపు దిగంతం, తక్కువ కలిపితే దగ్గరి బండరాయి. నురగకు కాగితపు తెలుపునే వదలివేయండి. అంతటా అవే రెండు రంగులుండడంవల్ల ఆకాశమూ, నీరూ, ఇసుకా ఒకే వెలుగులో ఉన్నట్టు కుదురుతాయి.

కనుక ఇరవై నాలుగు బిళ్ళల పెట్టె కొనలేని విద్యార్థి చిన్నబుచ్చుకోనక్కరలేదు. బూడిదరంగు సముద్రం వేసినవానికి "సముద్రం నీలంగా ఉండాలి" అని మార్కులు తగ్గించడం కూడా న్యాయం కాదు. అతడు చూచినదే వేశాడు. ప్రయోగశాలలో మనం మెచ్చుకునే గుణం అదే కదా!

ఈసారి ముసురు పట్టినపుడు మీరూ ప్రయత్నించండి. సముద్రం దగ్గర లేనివారికి ఊరి చెరువు ఉండనే ఉంది.