రాని నట్టు - ఆగని సుత్తి

పాత బండి ఇంజను విప్పేటప్పుడు నట్టు రాకపోతే ఏం చెయ్యాలి? మా విజయనగరం, శ్రీకాకుళం వైపు చాలా షెడ్లలో దీనికి ఒకటే జవాబు. చీణం పెట్టి కొట్టడం! పైగా దానికి "అనుభవం" అని పేరొకటి. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా మామయ్యగారి అంబాసిడర్ని ఓ షెడ్డుకిచ్చాం. "ఇది రాదు బాబూ, కొట్టీడమే" అన్నాడు మేస్త్రి. కొట్టాడు. ఎగ్జాస్ట్ స్టడ్డు కాస్తా సిలిండర్ హెడ్డులోనే విరిగి కూర్చుంది. ఆనక "పాత బండి కదా, తుక్కుకిచ్చీండి" అని ఉచిత సలహా.

తుక్కంట! పాత పెట్రోలు అంబాసిడర్లో ఉన్నది 1489 సీసీ బీ-సిరీస్ ఇంజను. 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుదీ అదే కుటుంబం, అదే సీసీ. అక్కడ వాటిని ఇప్పటికీ విప్పి, బాగుచేసి, ముద్దుగా నడుపుకుంటున్నారు. ఇక్కడ మనం కిలోల లెక్కన అమ్ముకుంటున్నాం.

కొట్టడం ఎందుకు తప్పో చెప్తాను. ఆ ఇంజను నట్లు అంగుళాల కొలతవి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మనవాళ్ళు 13 పానా పెడతారు. ఆ 0.3 సందు చాలు, బిగుసుకున్న నట్టు మూలలు అరిగి గుండ్రమైపోడానికి. ఇక మన కళింగపట్నం, బారువ, భోగాపురం ఉప్పుగాలి ఉండనే ఉంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఇరుక్కుని గట్టిగా పట్టేస్తుంది. అలాంటప్పుడు పానాకి పైపు తగిలించి లాగితే తెగేది తుప్పు కాదు, స్టడ్డు.

చెయ్యాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చెయ్యాలి. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలెయ్యాలి, పొద్దున్న మళ్ళీ వెయ్యాలి. సరైన కొలత ఆరు మూలల సాకెట్టు పెట్టి, ముందు కొంచెం బిగించి, తర్వాత వదులు చెయ్యాలి. అలా ముందుకీ వెనక్కీ. అప్పటికీ రాకపోతే పెట్రోలు, నూనె దగ్గర్లో లేకుండా చూసుకుని నట్టుని వేడి చెయ్యాలి. స్టడ్డు కన్నా నట్టు ముందు వేడెక్కి సాగితే పట్టు వదులుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి నట్లు వేస్తే మళ్ళీ ఈ గోల ఉండదు.

"కంప్యూటర్ ముందు కూర్చునేవాడివి, నీకేం తెలుసు?" అంటారేమో. ఇనుము వేడికి సాగడానికి నా ఉద్యోగంతో పనేముందండీ?

అయితే మొత్తం పాపం మేస్త్రి నెత్తిన వెయ్యను. సగం మనది. "సాయంత్రానికి బండి కావాలి" అంటాం. నూనెలో నానబెట్టిన రెండ్రోజులకి కూలి అడిగితే "ఏం చేశావని?" అని బేరాలాడతాం. సెల్ ఫోనుకి వేలకి వేలు పోసేవాళ్ళం, ఇక్కడ రెండొందల దగ్గర పీనాసితనం! నానబెడితే డబ్బులు రావు, కొడితే వస్తాయి. మరి ఆయన మాత్రం కొట్టక ఏం చేస్తాడు?

కాబట్టి ఈసారి పాత బండి షెడ్డుకిచ్చేటప్పుడు రెండు ముక్కలు చెప్పండి. ఆగినన్నాళ్ళకీ కూలిస్తామని. మాకు చెప్పకుండా చీణం తియ్యొద్దని. హెడ్డు పోయాక మేస్త్రిని ఎంత తిట్టినా ఆ స్టడ్డు బయటికి రాదు.