క్రాసింగ్ తెలిసిన పిల్లకు పాలినేషన్ ఎందుకు రాదు?

వడ్డేపల్లి చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లోకి దిగిన పిల్లలకు 'క్రాసింగ్' అంటే ఏమిటో ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ ఒలిచి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. సీడు, ప్యాకెట్, ఆర్గనైజర్, అడ్వాన్స్, ఫెయిల్: నడిగడ్డ మాదిగవాడల్లో ఇవి ఇంగ్లిష్ మాటలని ఎవరికీ పట్టింపు లేదు. అదే పిల్ల సైన్సు పుస్తకం తెరిస్తే ఒక పేజీలో 'పాలినేషన్' ఉంటుంది, ఎదురు పేజీలో 'పరాగసంపర్కం' ఉంటుంది. ఆమెకు రెండూ కొత్తే. తన చేతులు చేసిన పనే ఈ పాఠమని ఆ రెండు పేజీల్లో ఏదీ ఆమెకు చెప్పదు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. రెండు భాషల పాఠ్యపుస్తకాలు అప్పుడే వచ్చాయి. అంతకు ముందు 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఇలాంటి జీవో ఇస్తే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు మాతృభాష కోసం కన్నీళ్లు పెట్టుకున్న పెద్దల పిల్లలు ఏ మీడియంలో చదివారో మనకు తెలుసు. కంచ ఐలయ్య ఏళ్ల తరబడి అడుగుతున్నదీ ఆ ప్రశ్నే. ఆ వాదనలో మనం ఎటు నిలబడాలన్న దాంట్లో నాకు సందేహం లేదు. అయితే బోర్డు మారగానే పని అయిపోయిందనుకోవడం ఇంకో రకం మోసం.

రెండో భాష మాట మెదడులో ఎలా కుదురుకుంటుందన్న దాని మీద జుడిత్ క్రోల్, ఎరికా స్టీవర్ట్ 1994లో ఒక నమూనా ఇచ్చారు. మొదట్లో కొత్త భాష మాట నేరుగా అర్థాన్ని పట్టుకోదు, మొదటి భాష మాట చేయి పట్టుకుని అర్థం దగ్గరికి వెళ్తుంది. వాడకం పెరిగేకొద్దీ ఆ చేయి వదిలి సొంతంగా నడుస్తుంది. ఈ నమూనా మీద తర్వాత చాలా చర్చ జరిగింది, సవరణలూ వచ్చాయి. కానీ నేర్చుకునే తొలిరోజుల గురించి అది చెప్పిన సంగతి మన బడులకు బాగా పనికొస్తుంది. వడ్డేపల్లి పిల్ల 'పాలినేషన్' చదివి చేయి పట్టుకోవడానికి చూస్తే అక్కడ నిలబడి ఉన్నది 'పరాగసంపర్కం'. ఆ మాట ఆమె అమ్మ నోట ఎన్నడూ వినలేదు. తెలియని మాటను తెలియని మాటతో తర్జుమా చేస్తే మిగిలేది బట్టీ.

'క్రాసింగ్' మాత్రం ఏ తెలుగు మాట సాయమూ లేకుండా నేరుగా పువ్వుకు అతుక్కుంది. చేనులో రోజుకు వందసార్లు వినపడింది, విన్న ప్రతిసారీ చేతిలో పని ఉంది. పదజాలం మీద పనిచేసిన పాల్ నేషన్ వంటివారు చెప్పేదీ ఇదే: ఒక మాట నిలబడాలంటే వేర్వేరు సందర్భాల్లో మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. కాబట్టి దళిత పిల్లలకు ఇంగ్లిష్ బుర్రకెక్కదనేవాళ్లు ఒకసారి పత్తి చేనుకు వచ్చి చూడాలి.

పుస్తకం తెలుగు ఎవరి తెలుగు అన్నది అసలు తగువు. కూలీల, చేతివృత్తులవాళ్ల మాటలు తెలుగులో లేక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మీద మాండలిక వృత్తి పదకోశం 1962లోనే అచ్చయింది. ఊరూరా తిరిగి, పనిచేసేవాళ్ల నోట విని కూర్చిన పని అది. ఆ మాటలు పండితుల అలమరాల్లోకి పోయాయి గానీ పిల్లల సైన్సు పాఠంలోకి రాలేదు. పాఠంలోకి 'కీలాగ్రం' వచ్చింది. నడిగడ్డలో తెలుగుకు పక్కనే రాయచూరు కన్నడం, నిజాం కాలం నాటి ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. అంటే ఈ పిల్లలు బడికి రాకముందే ఒకటికి మించిన భాషల మాటలు మోస్తున్నారు. ఒడిశాలో కోంధు పిల్లల మీద అజిత్ మొహంతి చేసిన అధ్యయనాల్లో కుయి, ఒడియా రెండూ వచ్చినవాళ్లు ఒక్క ఒడియానే వచ్చినవాళ్ల కంటే మెరుగ్గా కనిపించారు. మన బడి మాత్రం ఇంటి మాటను యాసంటూ దిద్దుతుంది.

ఇక రెండో లెక్క, రోజులది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. రాష్ట్రంలో అట్టడుగు అదే. హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో పిల్లల కూలి గురించి దావులూరి వెంకటేశ్వర్లు 1990ల చివరి నుంచి అధ్యయనాలు చేస్తూ వచ్చారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలని, దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవారని అవి చూపించాయి. వానాకాలంలో క్రాసింగ్ సాగే వారాలు, బడిలో కొత్త పాఠాలు నడిచే వారాలు ఒకటే. ఒక్కో మాట పదిసార్లు ఎదురుపడాల్సిన చోట ఆ పిల్ల ఒక్కసారీ లేదు. పరీక్ష పేపరు ఆమె హాజరు అడగదు, మాటకు అర్థం అడుగుతుంది.

జిమ్ కమిన్స్ కెనడాలో వలసవచ్చినవాళ్ల పిల్లలను చూసి, మాట్లాడే ఇంగ్లిష్‌కు రెండేళ్లు చాలినా చదువు ఇంగ్లిష్‌కు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందన్నాడు. వాళ్ల చుట్టూ, వీధిలో, టీవీలో ఇంగ్లిషే ఉంది. వడ్డేపల్లి పిల్లకు బడి దాటితే అది లేదు. అందుకని తెలుగు మీడియానికి తిరిగిపొమ్మని నేననడం లేదు. ఆ ఏళ్లకు తగ్గ టీచర్లను, కథల పుస్తకాలను ఎందుకివ్వలేదని అడుగుతున్నాను. జాతీయ విద్యావిధానం 2020 ఐదో తరగతి దాకా వీలైనచోట ఇంటి భాషలో చెప్పమంటుంది. ఇంటి భాష అని రాసి పుస్తకం తెలుగు చేతికిస్తే అది అమలు చేసినట్టు కాదు.

ఆలంపూర్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం, వడ్డేపల్లి అందులోనిదే. ఓట్లడగడానికి వచ్చేవాళ్లను మీడియం గురించి కాక ఇవి అడగొచ్చు: ప్రైమరీ బడిలో తరగతికొక టీచరు ఉన్నారా? క్రాసింగ్ వారాల్లో బడి మానిన పిల్లలకు ఆ పాఠాలు మళ్లీ ఎవరు చెబుతారు? విద్యార్థి సంఘాలకు ఇంకో పని ఉంది, దానికి జీవో కూడా అక్కర్లేదు. వాడలో కూర్చుని కూలికిపోయే అమ్మలను అడిగి, పత్తి మొక్క ఒక్కో భాగాన్ని వాళ్లేమంటారో రాసుకోవచ్చు. పాలినేషన్ పక్కన పరాగసంపర్కం, దాని పక్కన క్రాసింగ్. ఆ కాగితం సైన్సు టీచరు చేతికిస్తే చాలు.