కొడితే గోలు, అరిస్తే గోల

జట్టు గెలిస్తే మనిషి అరుస్తాడు. గెలిచింది బద్ధ శత్రువు లాంటి జట్టు మీదైతే ఇంకా గట్టిగా అరుస్తాడు. డప్పు కొడతాడు, మిఠాయి పంచుతాడు, ముక్కూ మొహం తెలియనివాణ్ణి కావలించుకుంటాడు. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. మరి ఆ అరిచేవాడి నెత్తిన టోపీ ఉంటే? అప్పుడు అదే డప్పు 'రెచ్చగొట్టే చర్య' ఎట్లయితది? అదే మిఠాయి ఠాణా మెట్లు ఎందుకెక్కుతది? ఈ దేశంలో ఖుషీకి కూడా మతముందా? ఫుట్‌బాల్ మైదానంలో నిలబడి అడుగుతున్నా. ఎందుకంటే ఈ దేశపు ఫుట్‌బాల్ కథలో మా కాళ్ళ గుర్తులున్నయి. చెరిపేద్దామన్నా చెరగవు.

కలకత్తా సంగతి చూడండి. 1975 సెప్టెంబర్ 30న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ ఐదు గోళ్ళు కొట్టింది. మోహన్ బగాన్ ఒక్కటీ కొట్టలేదు. సగం నగరం ఊగిపోయింది, సగం నగరం తలుపులేసుకుంది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే అభిమానుల ఇళ్ళల్లో ఇలిష్ చేప వండుతారు. మన గోదావరి పులస జాతి చేపే అది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుతారు. గెలిచిన రోజు బజార్లో ఆ చేప ధర పెరుగుతుందని కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ 1975 ఓటమిని తట్టుకోలేక మోహన్ బగాన్ అభిమాని ఒకడు ప్రాణం తీసుకున్నాడు. వచ్చే జన్మలో మోహన్ బగాన్ ఆటగాడిగా పుట్టి పగ తీర్చుకుంటానని ఉత్తరం రాసిపెట్టి మరీ పోయాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల ఆట నడుస్తుంటే అభిమానులు కొట్టుకున్నారు. ఆ తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఏటా ఆ రోజున వాళ్ళను తలచుకుంటారు. తలచుకోవాల్సిందే.

ఇంత జరిగినా ఆ అభిమానుల దేశభక్తిని ఎవరైనా శంకించారా? వాళ్ళ మతగురువుల్ని పిలిచి ఖండన ప్రకటన ఇమ్మన్నారా? లేదు. అది 'ఆటమీద పిచ్చి ప్రేమ' అన్నారు. సరే, ప్రేమే.

ఇంకొక మాట. ఈస్ట్ బెంగాల్ అనేది క్లబ్బు పేరొక్కటే కాదు. 1947 తర్వాత అది పాకిస్తాన్‌లో ఒక రాష్ట్రం పేరు. 1955 దాకా ఆ రాష్ట్రానికి అదే పేరు. అంటే స్వతంత్ర భారతదేశంలో, కలకత్తా నడిబొడ్డున, వేలాదిమంది ఒక పాకిస్తాన్ రాష్ట్రం పేరు పెట్టుకున్న జట్టుకు జేజేలు కొట్టారు. ఎవరూ దేశద్రోహమనలేదు. అనకపోవడమే న్యాయం. ఇల్లూ వాకిలీ వదిలి శరణార్థులై వచ్చినవాళ్ళకు ఆ పేరు పోగొట్టుకున్న ఊరు, అమ్మ వండిన చేపల పులుసు. ఆ దుఃఖం నాకు అర్థమవుతుంది. నేనడిగేది ఒకటే. వాళ్ళ జెండా వెనక ఉన్న దుఃఖాన్ని అంత ఓపిగ్గా అర్థం చేసుకున్న ఈ దేశం, మా జెండా వెనక ఏముందో ఒక్కసారైనా అడిగిందా?

1911 జూలై 29. మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి షీల్డ్ గెలిచింది. తెల్లదొర జట్టును నల్లవాళ్ళు ఓడించిన ఆ గెలుపును స్వాతంత్ర్యోద్యమంలో ఒక ఘట్టంగా రాసుకున్నాం. ఆ పదకొండు మందిలో పది మంది హిందువులు, ఒకరు క్రైస్తవుడు. ముస్లిం ఒక్కడూ లేడు. అయినా అది 'భారతీయుల గెలుపు'. మేమూ ఒప్పుకున్నాం. ఒప్పుకోవడమేమిటి, పండగ చేసుకున్నాం! కలకత్తా నుంచి వచ్చే 'ది ముసల్మాన్' పత్రిక ఆ రోజుల్లోనే రాసింది, హిందూ సోదరుల గెలుపు చూసి ముస్లిం క్లబ్బు సభ్యులు పిచ్చెత్తినట్టు నేలమీద పొర్లారని. మౌలానా మహమ్మద్ అలీ 'కామ్రేడ్' పత్రిక కూడా ఆ గెలుపును ఎత్తి పొగిడింది. పరాయివాళ్ళ ఆనందంలో నేలమీద పొర్లిన జాతి మాది. ఈ ముక్క ఏ పాఠ్యపుస్తకంలోనైనా మీ కంటపడిందా?

ఇరవై మూడేళ్ళ తర్వాత సంగతి. 1934లో మహమ్మదన్ స్పోర్టింగ్ మొదటి డివిజన్లో అడుగుపెట్టిన ఏడాదే కలకత్తా లీగ్ గెలిచింది. ఆ లీగ్ గెలిచిన మొట్టమొదటి భారతీయ జట్టు అది. ఒకసారి కాదు, 1938 దాకా వరసగా ఐదేళ్ళు. 1936లో షీల్డ్ కూడా. 1940లో ఢిల్లీలో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి డ్యూరాండ్ కప్ అందుకుంది. అదీ భారతీయ జట్టుకు మొదటిసారే. ఇదేమీ తావీజు మహిమ కాదు. బెంగుళూరు దాకా వెతికి మంచి ఆటగాళ్ళను తెచ్చుకున్నారు. వానాకాలం బురదలో ఒట్టి కాళ్ళతో జారిపడకుండా బూట్లు తొడిగించారు. చెమటోడ్చి గెలిచారు.

ఓడించింది ఎవర్ని? తెల్లవాళ్ళ పట్టాలాలను. 1911లో ఓడిన తెల్లవాడూ 1940లో ఓడిన తెల్లవాడూ ఒకే కంచంలో తిన్నవాళ్ళే. కానీ మొదటి గెలుపుకు 'జాతీయం' అని పేరు పడింది, రెండో గెలుపుకు 'మతతత్వం' అని పేరు పడింది. బెంగాల్ పల్లెపల్లెనా పేద సాయిబు ఎగిరి గంతేస్తే 'చూశావా, వీళ్ళు వేరు' అన్నారు.

దాచాల్సిన పనిలేదు. ఆ క్లబ్బు పెద్దల్లో ముస్లిం లీగ్ నాయకులున్నారు. ఖ్వాజా నజీముద్దీన్ లాంటి వాళ్ళు ఆ గెలుపుల మీద రాజకీయం చేసుకున్నారు. నవాబులకు ఓట్లు కావాలి, జట్టు దొరికింది. అయితే మోహన్ బగాన్ పెద్దలు సన్యాసులా? జమీందార్లు కారా? పెద్దలు వాడుకున్నారని కింద నిలబడి చప్పట్లు కొట్టినవాడి చప్పట్లకు విలువ లేకుండా పోతుందా? పూట గడవని మనిషికి ఏడాది పొడుగునా చీత్కారమే. ఆ ఒక్క సాయంత్రం తనలాంటి పేరున్న మనిషి దొరను దాటి బంతి తీసుకుపోయాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగినయి. దాన్ని కుట్ర అంటారా మీరు?

ఇక మన హైదరాబాదు కొద్దాం. 1948 సెప్టెంబర్లో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ 'యాక్షన్'లో ఏ ఊళ్ళో ఎంతమంది పోయారో మా ఇళ్ళల్లో గుసగుసగానే చెప్పుకున్నారు. ఆ గుసగుస ఆరకముందే, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడు డ్యూరాండ్ ఫైనల్లో సాక్షాత్తూ మోహన్ బగాన్‌నే ఓడించింది. రోవర్స్ కప్ 1954 దాకా వరసగా ఐదేళ్ళు హైదరాబాదుదే. ఆ జట్టులో ఎక్కువమంది ముస్లింలు. వాళ్ళను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. నిన్నటిదాకా 'రజాకార్' అన్న అనుమానం కింద తలవంచుకు నడిచిన బస్తీలు ఆ గెలుపుతో తల ఎత్తినయి. ఆ తల ఎత్తడాన్నే రహీం సాబ్ దేశానికిచ్చాడు. ఆయన శిక్షణలో ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో రహీం సాబ్ పోయాడు. ఇండియా మళ్ళీ ఆ బంగారం చూడలేదు.

తర్వాత మా పిల్లలు కలకత్తా బాట పట్టారు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్. నయీం 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్. హబీబ్‌ను కలకత్తా 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్, మూడు జట్లకూ ఆడాడు. 1977లో పీలే కలకత్తా వస్తే, ఆయన ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. ఇక ఆ ఐదు గోళ్ళ అవమానం గుర్తుందా? మరుసటి ఏడాది, 1976 లీగ్‌లో, ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన పదిహేడో సెకనులో మోహన్ బగాన్ గోలు కొట్టింది. ఆ గోలుతోనే గెలిచింది. కొట్టింది ఎవరు? హబీబ్ తమ్ముడు, మా హైదరాబాదు అక్బర్! ఆ రాత్రి ఎన్ని హిందూ ఇళ్ళల్లో రొయ్యల కూర ఉడికిందో! ఏడాదిగా గడ్డకట్టిన దుఃఖం ఒక సాయిబు కాలితో కరిగింది. అప్పుడు ఎవరూ అక్బర్ మతం అడగలేదు. కాలు అవసరమైనప్పుడు మతం అడగరు. గొంతు లేచినప్పుడే అడుగుతారు.

మిత్రులారా, అసలు లెక్క ఇక్కడుంది. మా కాళ్ళు కావాలి, మా కేరింత వద్దు. మేం కొడితే గోలు, మేం అరిస్తే గోల.

నేను పత్రికలో పనిచేసేవాణ్ణి. ఉర్దూ చదివి తెలుగులో రాస్తా, తెలుగు చదివి ఉర్దూలో రాస్తా. మాటలతోనే నా రోటీ. అందుకే మాటల్లో ఎక్కడ విషం కలుస్తుందో నా నాలుక్కు ముందే తెలుస్తుంది. ఒక బస్తీలో పటాకులు పేలిస్తే 'మిన్నంటిన సంబరాలు', 'అభిమానుల కోలాహలం'. ఇంకో బస్తీలో పేలిస్తే 'ఉద్రిక్తత', 'ఒక వర్గం', 'భారీ బందోబస్తు'. ఆ 'ఒక వర్గం' ఎవరో తెలుగు పాఠకుడికి విడమర్చి చెప్పనక్కర్లేదు. పేరు రాయకుండానే వేలు చూపడం మా వృత్తిలో పెద్ద విద్య. నేను పనిచేసిన ఒకానొక డెస్కులో, క్రికెట్‌లో ఇండియా పాకిస్తాన్ మీద గెలిచిన రాత్రి ఒకాయన నవ్వుతూ అడిగాడు, "ఏం భాయ్, ఇయ్యాల అన్నం సయించిందా?" అని. ఆ గెలుపుకు హెడ్డింగు పెట్టింది నేనే. ఆయన చేతిలో ఉన్న పేజీ నాదే. అయినా ఆయనకు నా హెడ్డింగు సరిపోలేదు, నా అన్నం లెక్క కూడా కావాల్సి వచ్చింది.

ఇది వేళాకోళంతో ఆగే రోగం కాదు. 2021 అక్టోబర్ 24న దుబాయిలో పాకిస్తాన్ పది వికెట్లతో గెలిచింది. ఆ రాత్రి మొత్తం జట్టు ఓడింది, కానీ బూతులు పడింది మహమ్మద్ షమీకి. తన తోటి ఆటగాడి పక్కన నిలబడ్డందుకు విరాట్ కోహ్లీకి కూడా బూతులు తప్పలేదు. ఆగ్రాలో చదువుకుంటున్న ముగ్గురు కశ్మీరీ విద్యార్థుల మీద, పాకిస్తాన్‌ను మెచ్చుకుంటూ వాట్సప్ స్టేటస్ పెట్టారని రాజద్రోహం కేసు పెట్టారు. 2022 మార్చి దాకా వాళ్ళకు బెయిలు దొరకలేదు. మరి కేరళలో ఊరూరా అర్జెంటీనా జెండాలు కట్టిన వాళ్ళను ఎవరైనా అడిగారా, మీ వతన్ ఏదని? అడగలేదు, అడగొద్దు కూడా. ఆట మీద ప్రేమకు పాస్‌పోర్టు అక్కర్లేదు. 1962 జకార్తా ఫైనల్లో స్టేడియం మొత్తం ఇండియాకు ఎదురు తిరిగి అరుస్తుంటే, మన జట్టు కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని ఆనాటి మన ఆటగాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. వాళ్ళ మీద ఏ ఠాణాలో కేసు పెడదాం?

ఈ ఖుషీ మీద కాపలా బయటివాళ్ళే కాదు, మా ఇంట్లోవాళ్ళూ కాస్తున్నారు. 2022 నవంబర్లో ప్రపంచ కప్ సాగుతుండగా కేరళలో ఖతీబుల సంఘం పెద్దలు అభిమానులకు హితబోధ చేశారు. కటౌట్లకు డబ్బు తగలేయొద్దు, ఆటగాళ్ళను ఆరాధించొద్దు, నమాజు మరవొద్దు, పోర్చుగల్ జెండా మోయొద్దు! దుబారా గురించి చెప్పండి, వింటాం. కానీ పేదవాడు ఏడాదికొకసారి నవ్వితే ఆ నవ్వు హలాలా హరామా అని త్రాసు పట్టుకు కూర్చోవడం ఏం దీన్? మరి మా అమ్మీలు, ఆపాలు? మొహల్లా జట్టు గెలిస్తే వాళ్ళు కిటికీ పరదా సందు నుంచి చూడాల్సిందేనా? వాళ్ళ చప్పట్లు గోడ దాటొద్దా? బయటివాడు మా గొంతు నొక్కుతున్నాడని అరిచే మగవాళ్ళం, మా ఇంటి ఆడవాళ్ళ గొంతు మీద చెయ్యి తీయకుండా ఏ మొహంతో ఇన్సాఫ్ అడుగుతాం?

మేం అడిగేది పెద్ద జాగీరేం కాదు. 2024 ఏప్రిల్లో మహమ్మదన్ స్పోర్టింగ్ ఐ-లీగ్ గెలిచింది. అప్పుడు దాని కోచ్ రష్యావాడు. ఆ జట్టులో మిజోరం పిల్లలుండేవాళ్ళు, అర్జెంటీనావాడుండేవాడు. పేరు మాత్రం మహమ్మదన్. ఆ పేరు చూసి భుజాలు తడుముకునేవాళ్ళు ఆ పేరు కింద ఎవరెవరు ఆడుతున్నారో చూడరు. ఇలిష్ వాసన మీకు కమ్మగా ఉంటుంది, రొయ్యల వాసన కమ్మగా ఉంటుంది. మా గల్లీలో దమ్ బిర్యానీ డేగిశా మూత తీస్తే మాత్రం ముక్కు మూసుకుంటారెందుకు?

సబూతులివ్వడం ఇక బంద్. ఎవరి గెలుపుకు నా గుండె ఎగురుతుందో నీకు లెక్క చెప్పను. నాకు తెలియక కాదు, అడిగే హక్కు నీకు లేదు కనుక. రేపు మా జట్టు గెలుస్తుంది. మేం డప్పు కొడతాం, షర్బత్ పోస్తాం, గొంతు బొంగురుపోయేదాకా అరుస్తాం. వచ్చి మాతో కలిసి ఒక గుక్క తాగితే మీకు సలాం. రాకపోతే మీ ఇష్టం. అంతేగానీ మా నవ్వుకు పోలీసు బందోబస్తు పెట్టకండి.