కొంప మునిగినా కంతు మునగదు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న పెద్దాయన అమెరికా రాలేదు. వచ్చి ఉంటే “మార్ట్‌గేజ్ తీసుకుని చూడు” అని మూడోది కూడా కలిపి ఉండేవాడు. మార్ట్‌గేజ్ అన్నది పాత ఫ్రెంచిలోంచి వచ్చిన మాట. “చచ్చిన తాకట్టు” అని దాని అర్థం. అప్పు తీరిస్తే తాకట్టు చస్తుంది, తీర్చకపోతే ఆస్తి మనకి చచ్చినట్టే అని పాతకాలపు ఇంగ్లీషు న్యాయపండితులు దానికి భాష్యం చెప్పారు. మరి ఇల్లే చచ్చిపోతే? ఆ సంగతి వాళ్ళు చెప్పలేదు. ఇక్కడ నాలుగు వానాకాలాలు గడిపిన వాళ్ళెవరైనా చెప్పగలరు. తాకట్టు పెట్టిన వస్తువు పోతుంది, అప్పు మాత్రం నిక్షేపంగా బతికే ఉంటుంది.

నా ఫిర్యాదు ఇదొక్కటే. ఇల్లు కొన్న రోజు నుంచీ మనచేత రకరకాల ఇన్సూరెన్సులు కట్టిస్తారు. కానీ ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోయిన నెలలో ఆ ఇంటి అప్పు కంతు కట్టిపెట్టే ఇన్సూరెన్సు ఆ కట్టలో ఒక్కటీ ఉండదు. ఇది మర్చిపోవడం వల్ల జరిగింది కాదు. ఎవరి నెత్తిన గొడుగు పట్టాలో ముందే నిర్ణయించుకుని రాసిన కాగితాలవి.

ఆ కాగితాలు ఒకసారి తిరగేద్దాం. ధరలో ఇరవై శాతం కంటే తక్కువ ముందు కడితే ప్రైవేట్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్సు, అంటే పీఎంఐ, కట్టమంటారు. ప్రీమియం మనది. మనం అప్పు ఎగ్గొడితే నష్టపరిహారం అప్పిచ్చినవాడికి. టైటిల్ ఇన్సూరెన్సులో రెండు పాలసీలుంటాయి. అప్పిచ్చినవాడిని కాపాడే పాలసీ ఖర్చు కూడా చాలాచోట్ల కొనేవాడి మీదే పడుతుంది. హోమ్ ఓనర్స్ పాలసీ మన పేరునే ఉంటుంది, కానీ అందులో మార్ట్‌గేజ్ కంపెనీ పేరు కూడా ఎక్కించాలి. రేపు ఇంటికి పెద్ద నష్టం జరిగితే చెక్కు మీద మన పేరు పక్కన వాళ్ళ పేరూ ఉంటుంది. వాళ్ళు సంతకం పెట్టి, డబ్బు తమ దగ్గర ఉంచుకుని, పని ఎంత అయిందో చూసుకుంటూ విడతలు విడతలుగా వదులుతారు. పొరపాటున పాలసీ రద్దయితే వాళ్ళే ఒక పాలసీ కొని ఖర్చు మన ఖాతాలో రాస్తారు. అది మామూలు పాలసీ కంటే ఖరీదు. సాధారణంగా గోడల్నీ కప్పునీ కాపాడుతుందే కానీ మన సామానుని, మన బసని పట్టించుకోదు.

ఇన్ని గొడుగులకీ డబ్బు మనదే. కానీ తడిసేది మనమే.

“హోమ్ ఓనర్స్ పాలసీలో ఇల్లు వదిలి బయట ఉండాల్సి వస్తే డబ్బిస్తారుగా?” అని మీరడగొచ్చు. ఇస్తారు. కవరేజ్ డి అంటారు దాన్ని. ఇల్లు కాలిపోయినా, చెట్టు పడి కప్పు విరిగినా బయట అద్దెకుండే ఖర్చు ఇస్తారు. ఎంతోమందిని ఆదుకున్న ఏర్పాటే. కానీ దాని భాష జాగ్రత్తగా చదవండి. మామూలుగా అయ్యే ఖర్చు కంటే అదనంగా ఎంత అయితే అంతే ఇస్తుంది. మార్ట్‌గేజ్ మామూలు ఖర్చు కింద లెక్క. కాబట్టి ఇల్లు ఉన్నా లేకపోయినా కంతు మన జేబులోంచే. పైగా దానికో హద్దుంది. చాలా పాలసీల్లో ఇంటి కవరేజ్‌లో ఇరవై, ముప్ఫై శాతం, లేదా ఇన్ని నెలలు అని గడువు. కాలిఫోర్నియాలో, ప్రకటిత విపత్తు అయితే కనీసం 24 నెలలు ఇవ్వాలని చట్టముంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్, ఈటన్ మంటల్లో వేలకొద్దీ ఇళ్ళు బూడిదయ్యాయి. అన్ని ఇళ్ళు ఒకేసారి కట్టాల్సి వచ్చినప్పుడు పర్మిట్లు, మేస్త్రీలు, కలప అన్నీ ఆలస్యమే. గడువు దాటిన రోజు నుంచి అద్దె ఒకటి, బూడిద కుప్పకి కంతు ఒకటి.

ఇందులో ఇంకో వింత ఉంది. మీరు ఇంట్లో ఒక భాగం అద్దెకిచ్చి ఉంటే, అది పాడైనప్పుడు రావలసిన అద్దె పోయినందుకు అదే కవరేజ్ డి పరిహారం ఇస్తుంది. అద్దె వచ్చే గదికి విలువ కడతారు. మీ పిల్లలు పడుకునే గదికి కట్టిన కంతుకి విలువ కట్టరు.

మంటల సంగతి ఇలా ఉంటే, వరద సంగతి మరీ అన్యాయం. మామూలు హోమ్ ఓనర్స్ పాలసీ వరద నష్టాన్ని ముట్టుకోదు. అందుకు 1968లో ఫెడరల్ ప్రభుత్వం జాతీయ వరద బీమా పథకం పెట్టింది. ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 డాలర్లు. మొదటి అంతస్తు నీళ్ళలో ఉంటే మీరెక్కడ పడుకుంటారో ఆ పథకానికి అక్కర్లేదు. బయట ఉండే ఖర్చుకి అందులో ఒక్క డాలర్ లేదు. కంతు సంగతి చెప్పనే అక్కర్లేదు.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్ మీద నాలుగు రోజులు కూర్చుంది. ఒక్క హారిస్ కౌంటీలోనే సుమారు 1,54,000 ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయని కౌంటీ వరద నియంత్రణ సంస్థ లెక్క కట్టింది. అందులో మూడింట రెండు వంతులు “వందేళ్ళ వరద” గీతకి బయట ఉన్నవే. గీతకి బయట ఉన్నవాళ్ళని వరద పాలసీ కొనమని బ్యాంకు బలవంతపెట్టదు. అవసరం లేదన్నారు కదా అని జనం కొనలేదు. మునిగిన ఇళ్ళలో అరవై శాతం పైచిలుక్కి వరద బీమా లేదు. బ్యాంకు చూసుకునే గీత బ్యాంకు కోసం. మనం దాన్ని లక్ష్మణరేఖ అనుకున్నాం.

ఒక లెక్క వేసుకుందాం. నెలకి 2,400 డాలర్ల కంతు, మునిగాక 2,000 డాలర్ల అద్దె. షీట్‌రాక్ కోసి, ఆరబెట్టి, మళ్ళీ ఇల్లు నిలబెట్టడానికి ఎనిమిది నెలలు అనుకోండి. అద్దె 16,000, కంతులు 19,200, వెరసి 35,200 డాలర్లు. వరద పాలసీ ఉన్నవాడికి కూడా ఇందులో పైసా రాదు. లేనివాడికి బాగుచేత ఖర్చు అదనం. ప్రభుత్వం చేసే పెద్ద సాయం ఏమిటంటే స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ ద్వారా విపత్తు రుణం. పేరు సాయం, నిజానికి ఇంకో అప్పు.

మనవాళ్ళ పరిస్థితి వేరే చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆదుకోవడానికి ఊళ్ళో అన్నదమ్ములు ఉండరు. ఇండియాలో అమ్మానాన్నలకి నెలనెలా పంపాల్సింది ఉంటుంది. ఇల్లు పోయిన నెలలో రెండు కంతులు తప్పితే, పదేళ్ళు కూడబెట్టిన క్రెడిట్ స్కోరు రెండు నెలల్లో కూలిపోతుంది. ఆ తర్వాత అద్దె ఇల్లు ఇవ్వడానికి కూడా వెనకాడతారు.

“కష్టమొస్తే బ్యాంకుని అడిగితే వాయిదా ఇస్తారు” అంటారు. తెలుగులో ఈ మాటకి రెండర్థాలున్నాయి, చూశారా? కట్టాల్సిన కంతూ వాయిదాయే, తర్వాతకి తోసెయ్యడమూ వాయిదాయే. ఫర్‌బేరెన్స్ అన్నది ఈ రెండో రకం. మాఫీ కాదు. చాలా సందర్భాల్లో వడ్డీ నడుస్తూనే ఉంటుంది. గడువయ్యాక ఆపిన మొత్తం ఎలా కట్టాలన్నది మనం సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి ఉంటుంది. ఒకేసారి కట్టమనే ఒప్పందాలూ ఉంటాయి. పైగా అది అడగాలి. కాంపు మంచం మీద కూర్చుని, ఫోన్‌లో గంటసేపు సంగీతం విని, నాలుగో మనిషికి మళ్ళీ మొదట్నించీ కథ చెప్పి మరీ అడగాలి.

ఇది మారడానికి వీల్లేదా? వీలుందని వాళ్ళే చూపించారు. 2020లో కరోనా వచ్చినప్పుడు కేర్స్ చట్టం కింద ఫెడరల్ మద్దతున్న ఇంటి అప్పులకి, అడిగితే చాలు, 180 రోజులు, ఆ పైన ఇంకో 180 రోజులు కంతులు ఆపారు. అదనపు వడ్డీ, జరిమానాలు వెయ్యకూడదన్నారు. ఆపిన కంతుల్ని అప్పు చివరికి జరిపే పద్ధతి ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ తెచ్చాయి. 2025లో మంటల తర్వాత కాలిఫోర్నియా కూడా ఇల్లు నష్టపోయినవాళ్ళు ఏడాది దాకా కంతులు ఆపమని కోరే చట్టం చేసింది. ఆకాశం ఊడిపడలేదు. బ్యాంకులు మూతపడలేదు. ఒక్కో విపత్తుకి ఒక్కో చట్టం ఎందుకు? ప్రతి మార్ట్‌గేజ్ కాగితంలోనూ మొదటి రోజే ఆ వాక్యం ఎందుకుండకూడదు?

“బ్యాంకు మీకు ఇల్లు అద్దెకివ్వలేదు, డబ్బు అప్పిచ్చింది. ఇల్లు పోతే అప్పెందుకు ఆగాలి?” అని నాతో వాదించినవాళ్ళున్నారు. గట్టి వాదనే. కానీ ఆ బ్యాంకు డబ్బు మాత్రమే ఇచ్చి ఊరుకుందా? ఇంటిని తాకట్టు పెట్టుకుంది. దానికి బీమా చెయ్యమంది. చెక్కు మీద పేరు వేయించుకుంది. ఇంటి మీద అన్ని హక్కులూ అడిగినవాడు ఇంటికి వచ్చే కష్టంలో మాత్రం నాకు వాటా లేదనడం ఏ ఊరి ధర్మం? మన పాత రెవిన్యూ లెక్కల్లో “వజా” అన్న మాట ఉండేది. పంట పోయిన ఏడు శిస్తులో తగ్గించేది వజా. ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా రైతుని పీడించిన అధికారులు లేకపోలేదు. అయినా భూమి పండనప్పుడు భూమి మీద బాకీ తగ్గాలన్న సూత్రాన్ని తెల్లదొరల సర్కారు కూడా ఒప్పుకుంది. ఇక్కడి మార్ట్‌గేజ్ కాగితాల్లో ఆ మాటకి సమానమైన మాట లేదు.

ఇండియాలో ఉన్న పాఠకులు ఇది అమెరికా గోల అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఏ వాగు పొంగినా ఈఎంఐ తేదీ కదలదు. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరదకీ వర్తిస్తుంది, ఇల్లు వదలాల్సి వస్తే అద్దెకీ డబ్బిస్తుంది. ఆ విషయంలో అమెరికా వరద పథకం కంటే మేలు. కానీ ఇంటి అప్పుతో పాటు బ్యాంకులు అంటగట్టే పాలసీ చాలావరకు అప్పు తీసుకున్నవాడు చనిపోతే పనికొచ్చేది. మనిషి చస్తే అప్పు తీరుతుంది, ఇల్లు చస్తే తీరదు. ఇక్కడ కూర్చుని విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో ఫ్లాట్‌కి ఈఎంఐ కట్టేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

చివరగా మన మాట. గ్రానైట్ కౌంటర్‌టాప్ రంగు గురించి మూడు వారాలు చర్చించే మనం పాలసీ కాగితం మూడు నిమిషాలు చదవం. ఏజెంటుని మనమడిగే ప్రశ్న ఒక్కటే, “ప్రీమియం ఎంత తగ్గుతుంది?” మన మహాసభల్లో ఇన్సూరెన్సు స్టాళ్ళుంటాయి, చేతిసంచులూ పెన్నులూ ఉచితంగా ఇస్తారు. ఆ స్టాలు ముందు నిలబడి “ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే ఎన్ని నెలలు, ఎంత ఇస్తారు? అప్పటి నా కంతు ఎవరు కడతారు?” అని గట్టిగా అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. సినిమా తారల విమానం టిక్కెట్లకి పెట్టే ఖర్చులో పదోవంతు పెట్టి, ప్రతి రాష్ట్రంలో పాలసీలు చదివి తెలుగులో చెప్పే ఇద్దరు లాయర్లని మన సంఘాలు పెట్టుకోలేవా?

అడగాల్సినవి మూడే. వరద బీమా పథకంలో బయట ఉండే ఖర్చు చేర్చాలి. ఇల్లు ఉండటానికి వీల్లేదని అధికారులు తేల్చిన రోజు నుంచి కంతు దానంతటదే ఆగాలి, వడ్డీ లేకుండా అప్పు చివరికి జరగాలి. ఆ నెలల కంతు కట్టిపెట్టే కవరేజ్‌ని ధర చెప్పి ప్రతి కొనుగోలుదారుకీ చూపించాలి. కొనడం మానడం మన ఇష్టం. ప్రీమియం కొంత పెరుగుతుంది, ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళూ ఎదుటివాడి గొడుక్కి కట్టినవాళ్ళం, మన గొడుక్కి కట్టుకోలేమా?

ఆ చట్టాలు వచ్చేలోగా చెయ్యగలిగిన పని ఒకటుంది. ఈ రాత్రే మీ పాలసీ తీసి కవరేజ్ డి దగ్గర ఏ అంకె ఉందో చూడండి. గీతకి బయట ఉన్నా సరే, వరద పాలసీ ధర కనుక్కోండి. కొన్నాక అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది. తుఫానుకి పేరు పెట్టాక ఫోన్ చేస్తే లాభం లేదు.