స్వేచ్ఛావాణిజ్యంలో స్వేచ్ఛ యెవరిది?

దేశాల మధ్య వాణిజ్యం యెంత అడ్డులేకుండా సాగితే జాతుల సంపద అంతగా పెరుగుతుందనీ, దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు చరిత్రను వెనక్కి లాగేవాళ్లనీ మా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకరు తరచు అంటూవుంటారు. ఆయన చెడ్డవాడు కాడు. చదివినదాన్ని నమ్మిన మనిషి. 1817లో రికార్డో చెప్పిన యింగ్లండు గుడ్డ, పోర్చుగల్ ద్రాక్షసారాయి వుదాహరణను యిప్పటికీ విద్యార్థులకు ముచ్చటగా వివరిస్తారు. అంత దూరం పోనక్కరలేదనీ, హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డుమీద ఒక పూట నిలబడితే చాలుననీ నా మనవి.

నూజివీడు వైపునుంచి ట్రాక్టర్లమీద పామాయిల్ గెలలు వస్తూవుంటాయి. ఆ నేలల్లో చాలాచోట్ల నిన్నటిదాకా బంగినపల్లి, కలెక్టరు మామిడి తోటలుండేవి. పూత నిలవక, నిలిచినా ధర పలకక, రైతులు మామిడి నరికి పామాయిల్ వేశారు. అదే సమయంలో జాతీయరహదారిమీద కాకినాడ రేవునుంచి నూనె టాంకర్లు పోతూవుంటాయి. ట్రాక్టరులోని గెల ధరను నిర్ణయించేది ఆ టాంకరులోని నూనె ధర. దాన్ని నిర్ణయించేది కౌలాలంపూర్ మార్కెట్టూ, ఢిల్లీ సుంకాల ప్రకటనా. గెల పండించినవాడికి యీ రెండు చోట్లా నోరు లేదు.

తెలుగు చెప్పుకునేవాణ్ణి గనక మాటదగ్గరే మొదలుపెడతాను. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ, గుణసంధి. యిక్కడ ఆ ‘స్వ’ యెవరు? 1993లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయిల్‌పామ్ చట్టం చేసింది. ఫ్యాక్టరీకొక మండలం కేటాయించారు. ఆ మండలంలోని రైతు ఆ ఫ్యాక్టరీకే గెలలు పోయాలి. సరిగ్గా మరుసటి యేడు, 1994లో, కేంద్రప్రభుత్వం పామోలిన్ దిగుమతిని ప్రభుత్వ వాణిజ్యసంస్థ చేతుల్లోనుంచి తీసి, 65 శాతం సుంకంతో యెవరైనా తెచ్చుకోవచ్చునని ప్రకటించింది. 1998 నాటికి ఆ సుంకం 15 శాతానికి దిగింది. వ్యాపారి యే దేశంలోనైనా కొనవచ్చు. రైతు పక్క మండలంలో కూడా అమ్మరాదు! మా మిత్రుడు చెప్పే స్వేచ్ఛకు నిజరూపం యీ రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

ఫ్యాక్టరీకి మండలం వుండడం తప్పని నేననను. గెల కోసిన ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే నూనె చెడుతుంది. దగ్గరలో మిల్లు వుండితీరాలి. కాని రైతును కట్టేసిన ప్రభుత్వం అతని ధరకు కూడా కట్టుబడి వుండాలిగదా! అది జరగలేదు. తెలంగాణలో గెలకు లెక్కగట్టే నూనెశాతం మాకెందుకు లెక్కగట్టరని పశ్చిమగోదావరి రైతులు యేళ్లతరబడి అడగవలసివచ్చింది.

సుంకం కథ చూడండి. ముడి పామాయిల్‌పై 2018 మార్చిలో 44 శాతం. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ సాగు పెంచే జాతీయ మిషన్ ప్రకటించింది. ఆ అక్టోబరులోనే ముడి నూనె మూలసుంకాన్ని సున్నా చేసింది. ఒక చేత్తో మొక్క యిచ్చి, రెండోచేత్తో కంచె పీకివేయడమంటే యిదే. 2022లో వుక్రెయిన్ యుద్ధం వచ్చింది. ఏప్రిల్ చివర ఇండోనేషియా ఎగుమతులు ఆపింది. గెల ధర టన్ను యిరవైవేలు దాటింది. సున్నా సుంకం వినియోగదారుణ్ణి ఆ మంటనుంచి కాపాడలేకపోయింది. యేడు తిరిగేలోగా ధర పదమూడువేల దరిదాపులకు పడింది. అప్పుడైనా సుంకం తిరిగి వేశారా? లేదు. 2024 సెప్టెంబరుదాకా సున్నాయే. అప్పుడు 20 చేశారు. 2025 మే ఆఖరున మళ్లీ 10కి దించారు.

పామాయిల్ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. తర్వాత పాతికేళ్లు నిలుస్తుంది. 2022 వేసవి ధర చూసి మామిడి కొట్టి మొక్క నాటినవాడి తోట గెల వేసే వేళకు సుంకం మూడుసార్లు మారివుండవచ్చు. దిగుమతిదారు ఓడలో సరుకుకు ధర మారితే వచ్చే నెల వేరే నూనె తెచ్చుకుంటాడు. రైతు చెట్టును పీకి వచ్చే నెల మరొకటి పెట్టగలడా? రికార్డో వుదాహరణలో గుడ్డ నేసేవాడు ద్రాక్షతోటకు యెన్నాళ్లకు మారతాడన్న లెక్క లేదు. మామిడి నాడు కాదు, పామాయిల్ నాడు కాదు, యీ కాలం లెక్క యే ఢిల్లీ ప్రకటనలోనూ లేదు.

యిక మనవాళ్ల మాట. మన సభల్లో ప్రతి కష్టానికీ జెనీవాను తిట్టడం ఆచారమైపోయింది. ఆ తిట్టు నేనూ తిట్టినవాణ్ణే. కాని ప్రపంచ వాణిజ్యసంస్థలో పామాయిల్‌పై భారతదేశం వేసుకోగల గరిష్ఠ సుంకం 300 శాతం. ఆగ్నేయాసియా దేశాలతో 2009లో చేసుకున్న ఒప్పందం దాన్ని ఆ దేశాల ముడి నూనెకు క్రమంగా 37.5కు కుదించింది. ఆ 37.5 కూడా వేయకుండా సున్నాకు దించింది యే విదేశీ ప్రభువూ కాదు, మన పాలకవర్గమే. దూరంలోని శత్రువును చూపి దగ్గరివాణ్ణి వదిలేసే వాదం విప్లవవాదంలా వినిపించినా పనికిరాదు. యీ వాదం పోస్టరుకు బాగుంటుంది; రైతుకు అక్కరకు రాదు.

మలేషియా కూడా మన శత్రువు కాదు. తెల్లదొరల కాలంలో మన తెలుగు కూలీలే మలయా తోటల్లో చెమటోడ్చారు. యీనాడు అక్కడ గెలలు కోసేవారిలో ఇండోనేషియా, బంగ్లాదేశ్ వలసకూలీలే యెక్కువ. వాళ్ల కూలి తక్కువ గనకనే ఆ నూనె చవక. ‘తులనాత్మక లాభం’ అన్న శాస్త్రీయమైన పేరులో ఆ కూలి రేటు కూడా దాగివుంది.

మిత్రుడి బలమైన ప్రశ్న ఒకటుంది, దాటవేయకూడదు. తోటలో కూలికి పోయే ఆడమనిషి పామోలిన్ పాకెట్టు కొంటుంది. సుంకం పెంచితే ఆమె కూర చట్టిలో నూనె తగ్గదా? తగ్గుతుంది. దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతిదే. అందుకనే 1994కు ముందటి పద్ధతిని పాతచింతకాయ పచ్చడిలా పారెయ్యరాదంటున్నాను. అప్పుడు దిగుమతి ప్రభుత్వం చేతిలో వుండేది. ఆ నూనెను చౌకడిపోలో పేదలకు యివ్వగలిగేది. 1986లో నూనెగింజల మిషన్ పెట్టి, ఆ కవచంతో 1990ల మొదటికి దేశం దాదాపు స్వయంపోషకమైంది. సుంకం ద్వారా వచ్చే సొమ్ము ఆ తల్లి రేషనుకార్డుకు చేర్చవచ్చు; రైతు ధర పడగొట్టకుండానే ఆమెకు నూనె యివ్వవచ్చు. యీ రెండింటి మధ్య వైరం పెట్టినవాడు రిఫైనరీ యజమాని. ఆ వైరంలో గెలిచేవాడూ అతడే.

మా జిల్లా బందరు కలంకారీ గుడ్డను ఇంగ్లండు 1700లోనూ, 1721లోనూ చట్టాలు చేసి తన గడ్డమీద నిషేధించింది. మరమగ్గాలు బలపడ్డాక అదే ఇంగ్లండు స్వేచ్ఛావాణిజ్యాన్ని లోకానికి బోధించింది. రికార్డో పాఠంతోపాటు యీ పాఠం కూడా చెప్పమని మిత్రుణ్ణి అడిగాను. సిలబస్‌లో లేదన్నారు. జూలైలో కాలేజీ తెరిచాక పిల్లలను వెంటబెట్టుకుని గెలలు తూచే కాటా దగ్గరకు వస్తానని మాత్రం ఒప్పుకున్నారు.