ఆలస్యం ఎవరిది? - కెర్నెల్ టైమర్ల జాడలు

లినక్సు కెర్నెల్ 5.2 వెర్షన్ 2019లో వెలువడింది. అందులో టైమర్ల జాడ తీసే పద్ధతిని సరిచేసిన రెండు చిన్న మార్పులున్నాయి. కొత్త సదుపాయమేదీ వాటితో రాలేదు, వేగమూ పెరగలేదు. అయినా ఒక వ్యవస్థ తన గురించి తాను సాక్ష్యం చెప్పేటప్పుడు ఏం చెప్పాలన్న ప్రశ్నకు అవి మంచి సమాధానమని నా అభిప్రాయం.

కెర్నెల్‌లో టైమర్ల కోసం ట్రేస్‌పాయింట్లు 2009లో, 2.6.32 వెర్షన్‌తో వచ్చాయి. టైమర్ పెట్టినప్పుడు ఒక పంక్తి, అది మోగినప్పుడు ఒక పంక్తి, పని ముగిశాక మరొకటి, రద్దయితే ఇంకొకటి. టైమర్_స్టార్ట్ అనే పంక్తి "ఇతనికి ఫలానా జిఫీకి ముహూర్తం" అంటుంది. టైమర్_ఎక్స్‌పైర్_ఎంట్రీ అనే పంక్తి "ఇప్పుడు జిఫీ ఇంత, ఇతన్ని పిలుస్తున్నాను" అంటుంది. జిఫీ అంటే కెర్నెల్ గడియారపు ఒక అడుగు. హెచ్‌జెడ్ విలువ 1000 ఉన్న యంత్రంలో 1 మిల్లీసెకను, 250 ఉన్నదానిలో 4.

ఈ రెండు పంక్తులనూ పక్కపక్కన పెట్టి తీసివేత చేసినవారెవరికైనా ఒకటే తోస్తుంది: టైమర్లన్నీ ఆలస్యంగా మోగుతున్నాయి! నిజానికి అది నేరం కాదు, నియమం. జిఫీ మారడానికి మైక్రోసెకను ముందు ఎవరో వచ్చి "ఒక జిఫీ తర్వాత లేపు" అన్నారనుకోండి. అడిగినదాన్ని అక్షరాలా పాటిస్తే అతన్ని మైక్రోసెకనులోనే లేపవలసి వస్తుంది. టైమర్ ఆలస్యమైనా కావచ్చు గాని, ముందుగా మాత్రం మోగరాదు. అందుకని కెర్నెల్ ప్రతి టైమర్‌నూ ఒక గడి ముందుకు జరిపి పెడుతుంది. 20 మిల్లీసెకన్లు అడిగితే 21వ దానికి మోగడం ఆ లెక్కలోనిదే.

ఇంకో మెలిక కూడా ఉన్నది. 2016లో 4.8 వెర్షన్‌తో థామస్ గ్లైక్స్‌నర్ టైమర్ల చక్రాన్ని తిరగరాశారు. చక్రంలో అంచెలుంటాయి, ఒక్కో అంచెకు 64 గడులు. పై అంచెకు వెళ్ళినకొద్దీ గడి వెడల్పు ఎనిమిది రెట్లవుతుంది. హెచ్‌జెడ్ 1000 అయినప్పుడు మొదటి అంచెలో గడి 1 మిల్లీసెకను, రెండవదానిలో 8, మూడవదానిలో 64. కాబట్టి 100 మిల్లీసెకన్లకు పెట్టిన టైమర్ రెండవ అంచెకు చేరి, 1 నుంచి 8 మిల్లీసెకన్ల దాకా వెనుకబడుతుంది. ఇది తెలిసి చేసిన బేరం. ఈ చక్రంలోని టైమర్లలో అధికభాగం "జవాబు రాకపోతే చూద్దాం" అనే తరహావి. జవాబు రానే వస్తుంది, టైమర్ రద్దవుతుంది. అటువంటివాటికి కచ్చితత్వం వృథా ఖర్చు. కచ్చితత్వం కావలసినవారికి 2006లోనే, 2.6.16 వెర్షన్‌తో, హెచ్‌ఆర్‌టైమర్లు వేరుగా వచ్చాయి.

ఈ జాప్యాలకు తోడు నిజమైన ఆలస్యమూ ఉండవచ్చు. అంతరాయాలు ఆపి ఎవరో ఎక్కువసేపు కూర్చున్నారు, లేదా సాఫ్ట్‌ఐఆర్‌క్యూ వంతు రాలేదు. పాత జాడలో నియమం వల్ల కలిగిన జాప్యమూ, ఈ అసలు జాప్యమూ ఒకే అంకెలో కలిసిపోయేవి. నీళ్ళు కలిసిన పాలలో నీళ్ళెన్నో చెప్పమన్నట్టే!

2019 నాటి మార్పు చేసిందల్లా మోగే పంక్తి చివర ఇంకొక అంకె చేర్చడం: బేస్ క్లాక్. ప్రతి టైమర్ చక్రానికీ సొంత గడియారం ఒకటుంటుంది. ఏ గడి దగ్గర ఉన్నానో అది దాన్ని బట్టే తెలుసుకుంటుంది. బయటి జిఫీలు ముందుకు పోయినా ఈ గడియారం ఒక్కొక్క గడే దాటుకుంటూ వస్తుంది. ఇప్పుడు తీసివేతలు రెండు. బేస్ క్లాక్ నుంచి ముహూర్తాన్ని తీసేస్తే మిగిలేది చక్రం తన నియమం ప్రకారం తీసుకున్న గడువు. ప్రస్తుత జిఫీ నుంచి బేస్ క్లాక్‌ను తీసేస్తే మిగిలేది వ్యవస్థ చేసిన ఆలస్యం. నింద వేయవలసింది ఈ రెండవదానిమీదే.

రెండవ మార్పు ఇంకా చిన్నది. టైమర్ పెట్టినప్పటి పంక్తి అది ఏ గడిలో పడిందో కూడా చెప్పేది. కాని ఆ పంక్తిని గడి లెక్కించకముందే రాసేవారు! పంక్తిని లెక్క తర్వాతికి జరిపారు, అంతే. తప్పుడు అంకె చూపే జాడ కంటే అంకె చూపని జాడ నయం. లేనిచోట చదువరి అనుమానిస్తాడు, ఉన్నచోట నమ్ముతాడు.

"ఇలా ప్రతివారూ ఒక్కో అంకె చేరుస్తూ పోతే ఎక్కడికి తేలుతుంది?" అనే అభ్యంతరం ఉన్నది, అది తోసిపుచ్చదగినది కాదు. ఆపి ఉంచిన ట్రేస్‌పాయింట్ ఖరీదు దాదాపు శూన్యమే, కాని దాని రూపం మీద ఆధారపడ్డ పనిముట్లు వేరే కథ. 2011 ప్రాంతంలో ప్రతి ఘటన రికార్డులోనూ ఉండే పనికిరాని ఫీల్డునొకదాన్ని తీసేస్తే పవర్‌టాప్ తెగిపోయింది, ఆ ఖాళీని మళ్ళీ నింపవలసి వచ్చింది. కనుక అన్నిటినీ చేర్చమని నేను అనను. కెర్నెల్ ఏ విలువను చూసి నిర్ణయం తీసుకున్నదో ఆ విలువ జాడలో ఉండాలి. పక్కన నిలుచున్నవాడికి కనబడే గడియారం ఒక్కటే ఉంటే చాలదు. బేస్ క్లాక్ ఆ పరీక్షలో నెగ్గుతుంది.

ఆ పరీక్షలో ఇప్పటికీ నెగ్గనిది ఇంకొకటున్నది. 2007లో 2.6.21తో వచ్చిన టైమర్_స్టాట్స్ అనే ఫైలు, ఏ ప్రక్రియ ఏ టైమర్‌ను ఎన్నిసార్లు మోగించిందో ఒక్క చూపులో చెప్పేది. ఒక నేమ్‌స్పేస్‌లోని ప్రక్రియల సమాచారం మరొకదానికి పొక్కుతోందనీ, అదే సమాచారం ట్రేసర్ ఇవ్వగలదనీ 2017లో 4.11 వెర్షన్‌లో దాన్ని తొలగించారు. తొలగింపు సబబే. కాని ట్రేసర్ ఆ సమాచారం ఇవ్వాలంటే టైమర్ పెట్టే క్షణానికి అది మెలకువగా ఉండాలి. తర్వాత మొదలుపెడితే మోగే పంక్తిలోని ఫంక్షన్ పేరే దిక్కు. నిద్రపోయే ప్రక్రియలకు అక్కడ కనిపించేది ప్రాసెస్_టైమౌట్, వాయిదా వేసిన పనులన్నిటికీ డిలేయ్డ్_వర్క్_టైమర్_ఎఫ్ఎన్. ఇంటిపేరు చెప్పి ఊరుకున్నట్టు! వాయిదా పడిన ఆ పని ఎవరిదో, దాని అసలు ఫంక్షన్ ఏదో తెలియాలంటే వర్క్‌క్యూ ట్రేస్‌పాయింట్లను కూడా తెరిచి, రెండు జాడలనూ కాలాన్ని బట్టి చేతితో జతపరచుకోవాలి.